ఊసరవెల్లి గూట్లో పచ్చి మొక్కలు: ఏవి పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి

కాశీనగర్ తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. బెంగళూరులో ఉన్న బావ దగ్గర్నుంచి ఐదు నెలల మగ వెయిల్డ్ కెమీలియన్, అంటే ఓ విదేశీ రకం ఊసరవెల్లి, కాగితాలతో సహా ఇంటికొచ్చింది. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తున జాలీ గూడు చేయించాడు. ప్రస్తుతానికి ప్లాస్టిక్ ఆకులు కట్టాడు. నిజం మొక్కలు పెడదామని నర్సరీకి వెళ్తే అక్కడాయన క్రోటన్, డైఫెన్‌బేకియా, అరెకా పామ్, మనీ ప్లాంట్ చెప్పి, పువ్వులుంటే అందంగా ఉంటుందని ఒక గన్నేరు కూడా చూపించాడు. నెట్‌లో వెతికితే మనీ ప్లాంట్ మంచిదని ఒకరు, విషమని ఇంకొకరు. ఎవరి మాట నమ్మాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ ఐదింట్లో అరెకా, మనీ ప్లాంట్ ఉంచుకో. క్రోటన్, డైఫెన్‌బేకియా, గన్నేరు కొట్టేయ్. వాటి బదులు మందారం, బెంజమినా (మర్రి జాతి మొక్క), అంబ్రెల్లా మొక్క (నర్సరీలో షెఫ్లెరా అంటారు) చూసుకో. నాలుగడుగుల గూటికి ఈ ఐదు రకాల్లోంచి మూడు చాలు. అయితే వీటిలో ఏదైనా సరే, ఇవాళ కొని ఇవాళే గూట్లో పెట్టకు. ఆరు వారాలు బయట ఉంచాలి. నాకైతే ఈ రెండో మాటే ముఖ్యం. జాబితా తప్పినందుకు పోయిన ఊసరవెల్లిని నేను చూడలేదు. మంచి జాబితాలో ఉన్న మొక్క మీద కొట్టిన పురుగుమందు వల్ల ప్రాణం మీదకి వచ్చినవి చూశాను.

నేను పర్లాకిమిడిలో, పాతపట్నం రోడ్డు వైపు చిన్న నర్సరీ నడుపుతాను. ఊసరవెల్లులతో తొమ్మిదేళ్ళుగా సావాసం. మొదటివాడు ఆరేళ్ళు బతికాడు, ఇప్పుడున్నది రెండోవాడు. "మంచి మొక్కలన్నీ తొండకి పెట్టీసి, ఎండిపోయినవి బేరానికి పెడతన్నావేటే?" అని మా అత్త ఇప్పటికీ దెప్పుతుంది. అది తొండ కాదని చెప్పడం మానేశాను.

చట్టం సంగతి ఒక్క ముక్క. మన తూర్పు కనుమల డొంకల్లో తిరిగే దేశవాళీ ఊసరవెల్లి, ఒడియావాళ్ళు బహురూపీ ఎండుఅ అనేది, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉంది. దాన్ని పట్టి పెంచడం నేరం. నీ వెయిల్డ్ యెమెన్, నైరుతి సౌదీ కొండల జీవి కాబట్టి దారి వేరు. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జీవుల్ని కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, చేతులు మారినా చెప్పాలి. బావ పేరు మీద ఉన్న కాగితం నీ పేరుకి మార్చుకో. మొక్కల కంటే ముందు ఆ పని.

ఇక అసలు విషయం. కుక్కకి గిన్నెలో నీళ్ళు పెట్టినట్టు ఊసరవెల్లికి పెడితే తాగదు. నిలవ నీరు దాని కంటికి ఆనదు. ఆకు మీద వణికే చుక్క కనబడితేనే వెళ్ళి నాకుతుంది. అంటే మనం పెట్టే ప్రతి ఆకూ దాని గ్లాసు. ఆ ఆకు వెనకే దాక్కుంటుంది, ఆ కొమ్మ మీదే నిద్రపోతుంది. వెయిల్డ్ రకమైతే ఆకుని కొరికి తింటుంది కూడా. పురుగులు తినే బల్లిజాతి కదా, ఆకులేం తింటుందిలే అనుకుంటారు చాలామంది. వెయిల్డ్ తింటుంది. పిల్లప్పుడు తక్కువ, పెద్దయ్యేకొద్దీ ఎక్కువ. మావాడు ఒక్కోరోజు మందారం ఆకుకి నెలవంకలా గాటు పెట్టి, ఏమీ ఎరగనట్టు అటు తిరిగి కూర్చుంటాడు.

కాబట్టి విషం మూడు దారుల్లో లోపలికి పోతుంది. ఆకు కొరికితే నేరుగా పోతుంది. ఆకు మీద చుక్క నాకితే ఆ ఆకుకి అంటుకున్న మందూ, గిల్లిన చోట కారిన పాలూ కలిసి పోతాయి. మూడోది ఎవరికీ తట్టదు. మేతకని నువ్వు గూట్లో వదిలిన కీచురాళ్ళలో నాలుగు తప్పించుకుని మొక్క మొదట్లో దాక్కుంటాయి, రాత్రంతా ఆ మొక్కనే మేస్తాయి. పొద్దున్న వాటిని మీవాడు తింటాడు. వాడు నోరు పెట్టని మొక్క కూడా కీచురాయి కడుపులో చేరి వాడిలోకి వెళ్తుంది. "మావాడు ఆకులు ముట్టడండీ, ఏ మొక్కైనా పర్లేదు" అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే.

నాకు ఇది తెలిసొచ్చింది ఒక అరెకా వల్ల. అరెకా ఏ జాబితాలో చూసినా సురక్షితమే. కొత్త లోడులో వచ్చిన చక్కటి మొక్క, ఆకు మీద మచ్చ లేదు. పైపైన నీళ్ళు చల్లి గూట్లో పెట్టి, సాయంత్రం పది కీచురాళ్ళు వదిలాను. పొద్దున్న చూస్తే కుండీ చుట్టూ ఆరు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. మావాడు అప్పటికి ఇంకా కళ్ళు విప్పలేదు, అదే అదృష్టం. మొక్కని బయటికి లాగేసి, గూడంతా కడిగి, మూడు రోజులు గుండె పట్టుకుని కూర్చున్నాను.

ఇది ఎవరి మోసమూ కాదు. నర్సరీ నడిపేదాన్ని నేనే చెబుతున్నాను. పిండినల్లి పట్టిన మొక్కని ఎవరూ కొనరు. అందుకని కుండీలో గుళికలు వేస్తాం, లేదా ఇమిడాక్లోప్రిడ్ లాంటి అంతర్వాహిక మందు పోస్తాం. అంతర్వాహిక అంటే వేరు తాగి ఆకుదాకా మోసుకెళ్ళేది. పైన ఎంత కడిగినా పోదు, లోపలే ఉంటుంది, నెలల తరబడి ఉంటుంది. ఇంటి ముందు పెట్టుకునేవాళ్ళకి దానివల్ల ఇబ్బంది లేదు. ఆ ఆకునే గ్లాసుగా, కంచంగా వాడే జీవికి ఉంది. చిత్రమేమిటంటే మొక్క ఎంత కళకళలాడుతుంటే నాకు అంత అనుమానం. ఒకటో రెండో చిల్లులున్న ఆకు కనబడితే, ఓహో దీన్ని పురుగు తిని బతికిందన్నమాట అని ధైర్యం వస్తుంది.

కొన్న మొక్కకి నేను చేసేది ఇదీ. మొదటిరోజే కవరు చింపి, నర్సరీ మట్టి మొత్తం దులిపి, వేళ్ళు బకెట్ నీళ్ళలో జాడిస్తాను. ఆ మట్టిలోనే గుళికలూ, చిన్న చిన్న పసుపు పూసల్లాంటి ఎరువూ, పెర్లైట్ తెల్ల ముక్కలూ ఉంటాయి. పెర్లైట్ విషం కాదు, కానీ తెల్లగా కనబడితే పురుగనుకుని నాలుక విసురుతుంది. తర్వాత ఎర్రమట్టి ఒక వంతు, రెండు మూడు నీళ్ళలో కడిగిన కొబ్బరి పొట్టు ఒక వంతు, గుప్పెడు వానపాముల ఎరువు కలిపి కొత్త కుండీలో పెడతాను. వేపపిండి వేయను. ఆకుల్ని రెండు వైపులా, ముఖ్యంగా కింది వైపు, ధారగా పారే నీళ్ళ కింద వేళ్ళతో రుద్ది కడగాలి. అంట్లు తోమే సబ్బు ఒక చుక్క వాడితే తప్పులేదు, తర్వాత నురగ పూర్తిగా పోయేదాకా కడగాలి. అక్కణ్ణుంచి ఆరు వారాలు వానకీ వెలుతురుకీ వదిలేయడమే. బెంజమినా లాంటి చెట్టుజాతి మొక్క కాస్త పెద్దదైతే మూడు నెలలు పెడతాను. ఈలోగా పాత ఆకులు కొన్ని కత్తిరించేస్తే కొత్త చిగురు వస్తుంది. గూట్లోకి వెళ్ళాల్సింది ఆ చిగురు.

గడువయ్యాక ఒక పరీక్ష. రెండు సీసాలు తీసుకుని చెరో ఆరు కీచురాళ్ళు వేస్తాను. ఒకదాంట్లో కొత్త మొక్క ఆకులు, రెండోదాంట్లో ఎప్పట్నుంచో వాడుతున్న మన మందారం ఆకులు. రెండు రాత్రులు వేరే తిండి పెట్టను. రెండు సీసాల్లోనూ ఒకేలా ఉంటే సరే. కొత్త ఆకు సీసాలో తూలుతున్నా, పడిపోయినా ఇంకో నెల బయటే. ఈ పరీక్ష పురుగుమందుని మాత్రమే పట్టిస్తుందని మర్చిపోకు. బూజుమందుని పట్టదు, మొక్క సొంత విషాన్ని అసలే పట్టదు. జిల్లేడు ఆకు మీద హాయిగా బతికే పురుగులున్నాయి కదా.

ఇంత తతంగం వద్దనుకుంటే సులువైన దారి ఉంది. మందు ఎరగని పెరటి మొక్క నుంచి కొమ్మ తెచ్చుకోవడం. మన అదృష్టం, మంచి మొక్కలన్నీ కొమ్మ గుచ్చితే బతికేవే.

మందారం. నన్నడిగితే వెయిల్డ్‌కి దీన్ని మించింది లేదు. ఆకు తిన్నా, పువ్వు తిన్నా, మొగ్గ తిన్నా భయం లేదు. కొమ్మ వాడి పట్టుకి సరిగ్గా సరిపోయే లావుంటుంది. ఊసరవెల్లి పాదం పట్టకారులా ఉంటుంది చూశావుగా, రెండు వేళ్ళు ఒకవైపు, మూడు ఇంకోవైపు. దానికి చుట్టూ పట్టుకోగలిగే గరుకు కొమ్మ కావాలి. అందుకే నున్నటి వెదురు కంటే మందారం, జామ కొమ్మలు మేలు.

మందారంలో నర్సరీ రంగురంగుల హైబ్రిడ్లు వద్దు. పిండినల్లికి మందారమంటే ప్రాణం, కాబట్టి అందరికంటే ఎక్కువ మందు తాగేది అదే. పైగా కుండీలో పొట్టిగా గుబురుగా ఉండటానికి ఎదుగుదల ఆపే మందు కూడా కొడతారు. మన పెరట్లో దేవుడికి కోసే ఎర్ర రేకమందారం చాలు. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా పెన్సిలు లావున్న జానెడు కొమ్మ కోసి, పైన రెండాకులు ఉంచి మిగతావి తీసేసి, నీడలో తడి మట్టిలో గుచ్చు. నెల తిరిగేసరికి చిగురేస్తుంది. నాలుగు గుచ్చితే రెండైనా దక్కుతాయి. అమ్మే మనిషిని, నేనే కొనొద్దంటున్నాను చూడు.

దీనికున్న ఒకే ఒక్క తలనొప్పి వెలుతురు. ఇంట్లో గూట్లో పెడితే మూడో వారానికి ఆకులు పండుబారి, మొగ్గలు విప్పకుండానే రాలతాయి. అందుకని నా దగ్గర జంట కుండీలు ఉంటాయి. ఒకటి గూట్లో, ఒకటి ఎండలో. పదిహేను రోజులకోసారి మారుస్తాను. బయట ఎండలో ఉన్నదాని మీద ఈగలమందు, దోమలమందు పడకుండా చూసుకోవాలి. మున్సిపాలిటీ పొగబండి వచ్చే రోజైతే లోపల పెట్టేస్తాను, లేదా మర్నాడు బాగా కడుగుతాను.

మనీ ప్లాంట్. గొడవంతా దీని మీదే కదా. రెండు పక్షాలు చెప్పేదీ నిజమే. మనీ ప్లాంట్, డైఫెన్‌బేకియా, మన చేమ, కంద అన్నీ ఒక కుటుంబం. వాటి ఆకుల్లో, కాడల్లో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లా పేరుకుని ఉంటుంది. పచ్చి కంద కోస్తే చేతులు, తింటే గొంతు దురదపెట్టేది అందుకే. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు" అంటారు గానీ, కొరికినవాడి నాలుకకి మాత్రం దురదే. నెట్‌లో "విషం" అని రాసే జాబితాలు చాలామటుకు కుక్కలకీ పిల్లులకీ గుర్రాలకీ చేసినవి. ఊసరవెల్లి పెంపకందారులు మాత్రం దశాబ్దాలుగా మనీ ప్లాంట్ గూళ్ళలో పాకిస్తూనే ఉన్నారు, వెయిల్డ్‌లు దాన్ని అప్పుడప్పుడు కొరుకుతూనే ఉన్నాయి. నా ఇద్దరికీ దానివల్ల ఏమీ కాలేదు. వెడల్పాటి ఆకు, నీటిచుక్క చక్కగా నిలుస్తుంది, తక్కువ వెలుతురులో బతుకుతుంది, సీసాలో నీళ్ళలో పెట్టినా వేళ్ళేస్తుంది. నేను వాడతాను, ఒక షరతు మీద. పక్కన మందారం లాంటి తినదగ్గ ఆకు తప్పకుండా ఉండాలి. వేరే దిక్కులేక మీవాడు రోజూ మనీ ప్లాంట్‌నే మేస్తుంటే దాన్ని తీసేయ్.

మరి అదే కుటుంబం కదా, డైఫెన్‌బేకియా ఎందుకొద్దు? ఆ సూదుల దెబ్బ అందులో చాలా తీవ్రంగా ఉంటుంది. దాన్ని నమిలిన మనిషికే నాలుక వాచి మాట పడిపోతుంది, ఇంగ్లిషులో డంబ్ కేన్ అనే పేరు అలా వచ్చిందే. ఊసరవెల్లికి నాలుకే బతుకు. ఒంటి పొడవుని మించి నాలుక విసిరి పురుగుని కొట్టే జీవికి నాలుక వాచిందంటే వారం పస్తే. కలేడియం, ఫిలోడెండ్రాన్ కూడా ఆ వరుసలోవే. ఫిలోడెండ్రాన్‌లో తీగ రకం అచ్చం మనీ ప్లాంట్‌లానే ఉంటుంది. గుర్తు పట్టడానికి కొత్తాకు చూడు. ఫిలోడెండ్రాన్‌లో అది పల్చటి పొరలో చుట్టుకుని వచ్చి, ఆ పొర ఎండి రాలుతుంది. మనీ ప్లాంట్‌లో పాత ఆకు కాడలోంచే విచ్చుకుంటుంది.

బెంజమినా రావి, మర్రి, జువ్విల తమ్ముడు. చెట్టులా నిలబడుతుంది, సన్నకొమ్మలు గుబురుగా అల్లుకుంటాయి, దాక్కోడానికి దీన్ని మించింది లేదు. తెచ్చిన కొత్తలో చోటు మారిందని అలిగి సగం ఆకులు రాల్చేస్తుంది, కంగారుపడకు, నెలలో సర్దుకుంటుంది. కొమ్మ కత్తిరిస్తే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే మంట. కత్తిరించేది బయటే కత్తిరించి, గాటు ఆరాక, ఒకసారి కడిగి లోపల పెట్టు. "పాలు కారే చెట్టేదీ వద్దు" అన్నది మంచి మోటు లెక్క. దానికి నేను ఇచ్చే మినహాయింపు బెంజమినా ఒక్కటే.

అంబ్రెల్లా మొక్క గట్టిది, బరువాపుతుంది, చెప్పుకోదగ్గ పేచీ లేదు. దీని ఆకుల్లోనూ కొంచెం ఆక్సలేట్ ఉంది, మనీ ప్లాంట్‌కి చెప్పిన షరతే దీనికీ. అరెకా సురక్షితం, కానీ కొమ్మల్లేవు, ఆకు మీద ఎక్కితే వంగిపోతుంది, మూలన తెరలా పనికొస్తుంది అంతే. స్పైడర్ ప్లాంట్ అడుగున వేలాడదీయొచ్చు. తులసి దేవుడి మొక్క, మా ఇంట్లో దాని ఊసే ఎత్తకూడదు.

ఇక వద్దన్నవి. గన్నేరు దగ్గరే మనవాళ్ళు తికమకపడతారు. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు. నాలుగూ నాలుగు వేరు వేరు మొక్కలు, ఇంటిపేరొక్కటే. మొదటి రెండింట్లో గుండెని ఆపే విషం ఉంది, మనిషిని చంపేంత. బిళ్ళగన్నేరులో క్యాన్సరు మందులు తీసే ఆల్కలాయిడ్లు ఉన్నాయి, మనకి మందైతే మాత్రం చిటికెడు జీవికి అవి విషమే. దేవగన్నేరు పాలు ఒంటికి మంచివి కావు. పేరులో గన్నేరు వినబడితే వదిలేయ్, విడివిడిగా గుర్తుపెట్టుకునే పని లేదు.

మన సరిహద్దులో ఇంకో చిక్కు భాష. నర్సరీలో పనివాళ్ళు సగంమంది ఒడియా, సగం తెలుగు. మందారం రెండు భాషల్లోనూ మందారమే, దాంతో భయం లేదు. కానీ ఒడియాలో కరబీర అంటే గన్నేరు, కనియర అంటే పచ్చగన్నేరు. "కనియర పెట్టండి అక్కా, పచ్చగా పూస్తుంది" అని ఎవరైనా ప్రేమగా అంటే ఏ మొక్కో తెలిసి ఉండాలి.

ఆ పచ్చగన్నేరుతో నాకో అనుభవం ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన జిల్లా మీదుగా పోయినప్పుడు మా పెరడంతా నేలమట్టమైంది. మందారాలు వేళ్ళతో లేచిపోయాయి. పది రోజులు దాటినా కరెంటు లేదు. లైట్లు లేవు కాబట్టి గూడుని వరండాలోకి మార్చి పొద్దుటెండ తగిలేలా పెట్టాను. నీడకి ఏమైనా పచ్చకొమ్మలు కట్టమని మా కుర్రాడికి చెప్పి నేను పైకప్పు రేకుల పనిలో పడ్డాను. వాడు పాపం చేతికి దొరికింది కట్టాడు. గంట తర్వాత చూస్తే గూటి అడుగున కొరికిన పసుపు పువ్వు ముక్క. వెయిల్డ్‌కి పసుపు, ఎరుపు పువ్వులంటే మహా ఇష్టం, నోరు పెట్టకుండా ఉండదు. కొమ్మలు తీసేసి, నోట్లోంచి నీళ్ళు జారిపోయేలా డ్రాపరుతో పక్కనుంచి చుక్కలు వేశాను. రెండు రోజులు ఏమీ తినలేదు, రంగు నల్లబడి కూర్చున్నాడు. మూడోనాడు మిడతని కొట్టాడు. ఒక్క పువ్వు కొరికి ఉమ్మేశాడు కాబట్టి సరిపోయింది, మింగి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. అప్పట్నుంచి గూట్లోకి వెళ్ళే ప్రతి కొమ్మా నా చేత్తోనే వెళ్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం, గురివింద, అడవినాభి దగ్గరికి కూడా రానీకు. ఎడారి గులాబీ అని కుండీల్లో లావు మొదలుతో అమ్మే అడీనియం గన్నేరు చుట్టమే. సైకస్ కాలేయాన్ని పాడుచేస్తుంది, దాన్ని పామ్ అని అమ్ముతారు జాగ్రత్త. రణపాల ఇంటి వైద్యంలో వాడతారు గానీ అందులోనూ గుండె మీద పనిచేసే విషం ఉంది. పులికంప, నందివర్ధనం, ముళ్ళ కిరీటం వద్దు. క్రోటన్ కొన్ని జాబితాల్లో మంచిదనే ఉంటుంది. దాని పాలు చర్మానికే మంట పుట్టిస్తాయి కాబట్టి నేను పెట్టను, ఇంత మంచి మొక్కలుండగా దానికోసం పట్టుబట్టడం దేనికి? "మేక తింటుందక్కా" అని కొందరు వాదిస్తారు. మేక తినేవన్నీ మనమే తినలేం, ఇక అరచేతిలో పట్టే జీవి సంగతి చెప్పాలా.

గూట్లో అమర్చేటప్పుడు కుండీ మట్టి కనబడకూడదు. పైన మీవాడి తల కంటే పెద్దవైన గుండ్రాళ్ళు పరువు. చిన్న గులకరాళ్ళు పురుగుతోపాటు నాలుకకి అంటుకుని లోపలికి పోతాయి, పేగు మూసుకుపోతుంది. వేడి బల్బు కింద జానెడు లోపు ఏ ఆకూ ఉండకూడదు, మాడిపోతుంది. యూవీబీ లైటు (అతినీలలోహిత కిరణాలిచ్చేది) మీవాడికోసం, అది మొక్కకి చాలదు, పక్కన మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు ఒకటి పెట్టు. అడుగున ట్రేకి కన్నం పెట్టి కింద బకెట్ ఉంచు, నీళ్ళు నిలిస్తే మట్టి కుళ్ళి వాసనొస్తుంది. పొద్దున్న, సాయంత్రం ఆకులు తడిసేలా చల్లు, మధ్యలో ఆరనివ్వు. మన వానాకాలపు ముసురులో ఆకులు రోజంతా తడిగా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, ఆ రోజుల్లో చల్లడం తగ్గించు. వైశాఖంలో గదే మండిపోతుంటుంది, మధ్యాహ్నం వేడి బల్బు ఆపేయ్. గుబురు మొక్క నీడే అప్పుడు వాడికి చల్లటి చోటు.

నీది మగది కాబట్టి సరిపోయింది. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఆడది ఉంటే ఒక మాట. మగ తోడు లేకపోయినా అది గుడ్లు పెడుతుంది, తవ్వడానికి చోటు లేకపోతే గుడ్లు కడుపులోనే ఉండి చచ్చిపోతుంది. అడుగు లోతు తడి ఇసుక, మట్టి కలిపిన తొట్టి వేరుగా పెట్టాలి. అది మొక్క కుండీని తవ్వుతోందంటే ఆ తొట్టి కావాలని అడుగుతున్నట్టు.

ఇంకోటి, పొలాల్లో పట్టిన మిడతలు పెట్టకు. గుణుపురం వైపు పత్తి చేలల్లోవైతే అసలే వద్దు. మొక్కని ఆరు వారాలు ఆపి, మందు తిన్న మిడతని చేత్తో తినిపిస్తే ఏం లాభం?

తేడా వస్తే ఎలా తెలుస్తుందంటే, పగటిపూట కళ్ళు మూసుకుంటాడు, నోట్లో నురగ లేదా వాపు, కొమ్మ పట్టు సడలి జారుతుంటాడు, రంగు ముదిరి అలానే ఉంటాడు. ఊసరవెల్లి రంగు మార్చేది పరిసరాల్లో కలిసిపోవడానికని అనుకుంటాం గానీ, ఎక్కువగా అది వాడి ఒంటి వేడి, మనసు చెప్పే భాష. చలికీ, భయానికీ, జబ్బుకీ నల్లబడతాడు. అలా ఉంటే మొక్కలన్నీ తీసేసి, కొరికిన ఆకుని కవర్లో వేసుకుని డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళు. ఊళ్ళో పశువుల డాక్టరుకి ఇలాంటి జీవి అలవాటు ఉండకపోవచ్చు. భువనేశ్వర్‌లోనో విశాఖలోనో పక్షుల్ని, సరీసృపాల్ని చూసే డాక్టరు నంబరు ఇప్పుడే కనుక్కుని ఫోన్లో పెట్టుకో, ఆ రాత్రి వెతుక్కోవద్దు. పసుపు, నూనె, పాలు లాంటి ఇంటి చిట్కాలు నోట్లో పోయకు.

ఆరు వారాలూ వాడు ప్లాస్టిక్ ఆకుల్లోనే ఉండాలా అంటే, అక్కర్లేదు. మందు కొట్టని పెరటి మందారం కొమ్మలు పెద్దవి రెండు కోసి, బాగా కడిగి, నీళ్ళ సీసాలో గుచ్చి, సీసా మూతిని గుడ్డతో బిగించి గూట్లో నిలబెట్టు. నాలుగు రోజులకోసారి మార్చు. ప్లాస్టిక్ ఆకులు మాత్రం ఇవాళే తీసేయ్. వెయిల్డ్ వాటినీ కొరుకుతుంది, ఆ ముక్క పేగులో అడ్డం పడితే ఆపరేషనే దిక్కు. ఈ వారం పర్లాకిమిడి వచ్చే పనుంటే మా గేటు పక్కన రేకమందారం ఉంది, పదేళ్ళుగా దాని మీద మందు పడలేదు. గుచ్చుకోడానికి నాలుగు కొమ్మలు, సీసాలో పెట్టడానికి రెండు కోసుకెళ్ళు. సోమవారం తప్ప, ఆరోజు పువ్వులన్నీ మా అత్తవి.